అద్దాల తొట్టిలో ఆకలి

నల్లమలకు వెలికొండకు నడుమనున్న కొమరోలునుండి సముద్రమును చూడవలెనన్నచో నూరు కిలోమీటర్లకు పైగా తూర్పునకు పోవలెను. అట్టి ఊర, బయట నలువది డిగ్రీల ఎండ కాయుచుండగా, ఒక ఇంటి ముందుగదిలో అద్దాల తొట్టియందు పసుపు తెలుపు చారల సముద్రపు చేప యీదులాడుట ఒకప్పుడు కట్టుకథలకు మాత్రమే తగిన సంగతి. నేడు డబ్బు, ఓపిక, విద్యుత్తు కలిగిన ఏ గృహస్థునకైనను అది సాధ్యము. సాధ్యమైన ప్రతిదియు తగినది కాదనుట పాత మాటయే కాని, ఈ విషయమున తగినదానికిని తగనిదానికిని నడుమ గీత ఎచ్చట గీయవలెనో తెలిసినవారు తక్కువ. సీతాకోకచిలుక చేపలని పిలువబడు జాతిని గూర్చి ఆ గీత మరింత సూక్ష్మమైనది. అది తొట్టి నీటిలో లేదు, తొట్టి యజమాని సంపదలోను లేదు. ఆ చేప నోటిలో ఉన్నది.

సముద్రము కొమరోలు సీమకు బొత్తిగా కొత్త చుట్టము కాదు. భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలాశ్రేణి యని వ్యవహరించు అతిప్రాచీనమైన రాతిపొరలలో గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములన్నియు ఇమిడియున్నవి. నూరు కోట్ల సంవత్సరములకు పూర్వము ఇచ్చట నిలిచిన సముద్రపు అడుగున పేరుకొన్న బురదయే ఒత్తిడికి గట్టిపడి పలకరాయిగా మారినది. తరతరముల తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దిన మార్కాపురము పలక ఒకనాటి సముద్రపు మట్టి. ఆ సముద్రమున చేపలు లేవు. అవి లోకమున పుట్టుటకు ఇంకను కోట్లకొలది ఏండ్లు పట్టినవి. వెడలిపోయిన ఆ సముద్రము ఇప్పుడు అట్టపెట్టెలో ఉప్పుపొడిగా తిరిగి వచ్చుచున్నదనుకొనుట కొంత చమత్కారముగానే ఉండును.

ఈ ఉప్పుపొడి కథయు చెప్పదగినదే. సముద్రజీవులను ఇంట పెంచుట పంతొమ్మిదవ శతాబ్దమధ్యమున ఇంగ్లండున ఒక వెఱ్ఱిగా ప్రబలినది. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు మొట్టమొదటి మత్స్యగృహము తెరువబడగా, మరుసటి సంవత్సరమున ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఈ విద్యను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. తీరమునకు దూరముగా నుండువారికై వంట ఉప్పు, మెగ్నీషియము లవణములు, పొటాషియము లవణము తగు పాళ్లలో కలిపి కృత్రిమ సముద్రజలము చేయు విధానమును సైతము ఆయన ఆ దశాబ్దముననే తెలిపెను. నేడు అంగళ్లలో దొరకు మిశ్రమములు దానికి మిక్కిలి మెరుగుపడిన రూపములు. చినగంజాము ఉప్పు తెచ్చి నీటిలో కలిపినచో చాలదా యని అడుగువారు కలరు. చాలదు. ఉప్పుమళ్లలో సముద్రపు నీరు ఇంకునపుడు తినెడి ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియము మొదలైన చేదు లవణములు మిగిలిన నీటిలో నిలిచి పారబోయబడును. అందుచేత ఉప్పునుండి సముద్రమును మరల చేయుట, పెరుగు చిలికి వెన్న తీసిన పిమ్మట ఆ వెన్నను నీటిలో కలిపి పెరుగనుట వంటిది.

మంచి మిశ్రమము లీటరుకు సుమారు 35 గ్రాములు పట్టును. సీతాకోకచిలుక చేప దినమంతయు తిరుగాడు స్వభావము కలది గనుక దానికి 400 లీటర్లకు తక్కువైన తొట్టి ఇరుకు. అనగా మొదట నింపుటకే 14 కిలోల ఉప్పు కావలెను. పిమ్మట నెల, నెలన్నర కాలము చేప లేకుండ తొట్టిని నడుపవలెను. ఆ వ్యవధిలో కంటికి కనరాని సూక్ష్మజీవులు రాళ్లపై స్థిరపడి, చేపల మలమూత్రములనుండి పుట్టు అమోనియాను మొదట నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చుటకు సిద్ధపడును. తొందరపడి తొలివారముననే చేపను దించినవాడు దానిని దాని విషములోనే ముంచినవాడగును. కాని ఇట్టివన్నియు నేర్వదగిన విషయములు. కొమరోలు కుర్రవాడు చదువుకొన్న రసాయనశాస్త్రము ఇందుకు చాలును.

నీటి మాట వచ్చినప్పుడు ఒక ఆక్షేపణను తప్పించుకొని పోరాదు. వెలిగొండ సొరంగముల నీటికై, 1996లో జరిగిన శంకుస్థాపన మొదలుకొని, దశాబ్దముల తరబడి ఎదురుచూచిన సీమ ఇది. పశ్చిమ ప్రకాశమున పలు గ్రామములలో భూగర్భజలమునందు ఫ్లోరైడు హెచ్చు. త్రాగు నీటిని డబ్బాలలో కొనుక్కొను కుటుంబములు అనేకము. అట్టిచోట చేపకొరకు శుద్ధజలము పోయుట విలాసమని పెద్దలు ఆక్షేపించినచో అది మత్సరమని త్రోసిపుచ్చుట అన్యాయము. లెక్క చూడవలెను. 400 లీటర్ల తొట్టిలో వారమునకు పదవ వంతు మార్చినను 40 లీటర్లు. దానిని శుద్ధి చేయు ఆర్.ఓ. యంత్రము అంతకు రెండింతలో మూడింతలో నీటిని విడిచిపెట్టును. వేసవిలో ఆవిరియై పోవునది దినమునకు కొన్ని లీటర్లు. ఉప్పు ఆవిరి కాదు గనుక దానిని మంచినీటితోనే భర్తీ చేయవలెను. ఇది స్వల్పము కాదు. అయినను విడిచిన నీటిని గిన్నెలు తోముటకో, పెరటిచెట్లకో వాడు ఇంట ఈ వ్యయము క్షమింపదగినదే; కాలువలోనికి వదలు ఇంట కాదు. పైగా ఒక విచిత్రము: సహజమైన సముద్రజలమునందును లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కలదు. మనుష్యుల త్రాగునీటికి భారత ప్రమాణము అనుమతించు తుది మేర 1.5 మిల్లీగ్రాములు. మనుష్యుని పండ్లను, ఎముకలను భయపెట్టు పదార్థము ఆ కొలతలో చేపకు పుట్టినింటి వస్తువే.

ఎండ సంగతి ఇంతకంటె కఠినము. పగడపు దిబ్బల చేపలకు 24 మొదలు 27 డిగ్రీల వరకు గల నీరు సుఖము. కొమరోలు వేసవిలో మూసిన గదిలోని నీరు దానిని దాటుట నిశ్చయము. శీతలయంత్రము కావలెను, విద్యుత్తు పోయినపుడు గాలి అందించుటకు బ్యాటరీ కావలెను. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగునన్న సంగతి మరచి, మే నెల మధ్యాహ్నము రెండు గంటలు కరెంటు పోయిన ఇంట తొట్టిని చూచుకొనక నిద్రించువానికి ఈ వ్యసనము తగదు.

ఇంతవరకు చెప్పిన చిక్కులన్నిటికిని డబ్బు, శ్రద్ధ మందులు. చేప చచ్చినప్పుడు సామాన్యముగా నిందపడునదియు వీటిమీదనే. ‘నీరు పడలేదు’ అందురు. ఊరు మారిన మనుష్యునకు జబ్బు చేసినపుడు తెలుగువారు అను మాటయే చేపకును అన్వయింపబడును. ఫ్లోరైడు సీమలో ఆ మాట మరింత సులభముగా నోట వచ్చును. కాని సీతాకోకచిలుక చేపలలో అనేకమునకు పడనిది నీరు కాదు. వాటికి మేత లేదు.

ఈ కుటుంబమున నూట ముప్పదికి దగ్గరగా జాతులు కలవు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన కీటోడాంటిడే అను పేరునకు కుచ్చువంటి పండ్లు కలవి యని అర్థము. పళ్లెము నిలువున నిలిపినట్లుండు పలుచని దేహము, ముందుకు సాగిన చిన్న మూతి, ఆ మూతిలో వెండ్రుకలవలె సన్నని పండ్లు. ఇవన్నియు ఒకే పనికై ఏర్పడినవి. ఏదో ఒక సందునుండి ఏదో ఒక చిన్న జీవిని ఏరుకొని తినుట ఆ పని. కొన్ని జాతులు పురుగులను, చిన్న రొయ్యలను, పాచిని, దొరకినదెల్ల తినును. మరి కొన్ని పగడపు జీవులను తప్ప మరి దేనిని తినవు. పగడపు దిబ్బ చూచుటకు రాయివలె నున్నను, ఆ రాతి పైతోలు లక్షలకొలది మెత్తని జీవుల సంఘము. ఆ జీవులను ఒక్కొక్కటిగా కొరుకుచు, ఒకచోట ఎక్కువసేపు నిలువక, పగలంతయు మేయుట ఈ చేపల దినచర్య. కీటోడాన్ ట్రైఫాషియాలిస్ అను జాతి పగడములన్నిటిని కూడ తినదు. బల్లపరుపుగా పెరుగు అక్రోపోరా అను పగడముపైననే దాని బ్రదుకు ఆధారపడినది. కీటోడాన్ మెయెరి, కీటోడాన్ ట్రైఫాషియాటస్ అనునవి దీనికి దాయాదులు. ఈ కడపటి చేపను సుమత్రానుండి తెచ్చి 1797లో లోకమునకు తెలిపినవాడు, తరువాత ఆఫ్రికాలో నైజరు నదిని వెదకి ప్రసిద్ధికెక్కిన ముంగో పార్కు అనుట ముచ్చటగా నుండును.

ఇట్టి చేపను తెచ్చి తొట్టిలో విడిచినపుడు జరుగునది ఇది. మొదటి దినములలో అది యీదును, మెరయును, చూపరులను ఆనందపరచును. రొయ్యముక్క వేసినచో దగ్గరకు వచ్చి చూచి తొలగిపోవును. ఒక్కొక్కప్పుడు నోట పెట్టుకొని ఉమిసివేయును. రాళ్లను కొరుకుచుండును, ఆ రాళ్లపై పగడము లేదు. రంగు చెడదు. రంగే చెడనప్పుడు యజమానికి సందేహమేల కలుగును? పిమ్మట కన్నులపై భాగమున తల గుంటపడును, పొట్ట లోనికి పోవును, ఒక ఉదయమున తొట్టి అడుగున పక్కకు ఒరిగి కనబడును. నోరులేని జీవమని చేపను చూచి జాలిపడుదురు. ఈ చేపకు నోరే సర్వస్వము. ఆ నోటికి తగినది ఆ ఇంట ఏ గిన్నెలోను లేదు.

దానికి పగడమునే మేతగా పెట్టరాదా? భారతదేశమున దిబ్బలు కట్టు పగడములన్నియు 2001నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. లక్షద్వీపమునుండి గాని, మన్నారు సింధుశాఖనుండి గాని, అండమానునుండి గాని ఒక్క ముక్క విరిచి తెచ్చుట నేరము. తెలుగు ఇల్లాలి నల్లపూసల నడుమ కూర్చబడు పగడము మాట వేరు. అది మధ్యధరాసముద్రపు ఎర్రపగడము, దిబ్బలు కట్టునది కాదు. తెలుగు తీరమున గోదావరి, కృష్ణలు తెచ్చు మట్టినీటిలో పగడపు దిబ్బలు పెరుగలేదు కావున, తెలుగువారికి పగడమన్నచో ప్రాణి యను తలంపుకంటె నవరత్నములలో ఒకటి యను తలంపే ముందు వచ్చును. చట్టము అనుమతించిన తెంపుడు పగడము దొరకెననుకొన్నను, తొట్టిలో ఏండ్ల తరబడి పెరుగవలసిన దానిని ఆకలిగొన్న చేప కొలది వారములలో గీకి విడుచును. కొమరోలులోనే కాదు, విశాఖలోనైనను, చెన్నైలోనైనను గృహస్థుడు ఈ మేత పెట్టజాలడు.

ఇంత చెప్పినంతమాత్రమున ఈ కుటుంబమునంతటిని వెలివేయవలెనని కాదు. 1775లో వెలువడిన గ్రంథమున ఎర్రసముద్రపు చేపలను వర్ణించుచు ఫోర్స్‌కాల్ అను శాస్త్రజ్ఞుడు ఒకదానికి ఆరిగా అని పేరిడెను. లాటిను భాషలో ఆ మాటకు సారథి యని అర్థము. వీపు రెక్కనుండి వెనుకకు సాగు పోగు కొరడావలె నుండుటచే ఆ పేరు వచ్చినది. ఆ రెక్కపైనే కన్నువంటి నల్లని మచ్చ కలదు. అసలు కంటిమీదుగా నల్లని పట్టీ పోవును. వేటాడు చేప తోకవైపును తలయని భ్రమించుటకు ఈ ఏర్పాటు తోడ్పడునని పలువురు శాస్త్రజ్ఞుల ఊహ. ఈ సారథి చేప పురుగులు, రొయ్యలు, ఆలిచిప్పల మాంసము, పాచి మొదలైనవెల్ల తినును. చక్కగా కుదిరినచో ఏండ్లకొలది బ్రదుకును. లూనులా అను నెలవంక చేప, వాగబుండస్ అను దేశదిమ్మరి చేప, జెండావలె తెల్లని పొడుగు రెక్క కల హెనియోకస్ అక్యుమినాటస్ అనునవియు ఇట్టివే. వీటికి కావలసిన రొయ్యలు ఒంగోలు తీరమునుండి మంచుపెట్టెలలో గిద్దలూరు సంతకు వచ్చునవే చాలును. కొమరోలు గృహస్థుడు సీతాకోకచిలుక చేపనే పెంచదలచినచో పెంచదగినవి ఇవి. వీటితోను చిక్కులు లేకపోలేదు. తెల్లమచ్చల రోగము సోకినపుడు వాడు రాగిమందు వీటికి పరిమితి దాటినచో ప్రాణాంతకము. అందుచేత కొత్తగా తెచ్చిన చేపను వేరొక తొట్టిలో కొన్ని వారములు ఉంచుట అవసరము.

ఇప్పుడు అసలు చిక్కు. ఆకలితో చచ్చు చేపయు, ఏండ్లకొలది బ్రదుకు చేపయు దుకాణమున ఒకే తొట్టిలో, ఒకే పేరుతో, ఇంచుమించు ఒకే ధరకు అమ్మబడుచున్నవి. ‘బటర్‌ఫ్లై’ అనునది ఆ పేరు. ఏ బటర్‌ఫ్లై యని అడిగినచో ‘పసుపుది’ యందురు. కొనువానికి జాతి తెలియదు, అమ్మువానిలో పెక్కుమందికి తెలియదు, తెలిసినవాడు చెప్పడు. ఇచ్చట ఒక పాత సంగతి స్మరింపదగియున్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున సేకరించిన రెండు వందల చేపల వర్ణనములను, చిత్తరువులను 1803లో లండనున రెండు సంపుటములుగ ప్రకటించెను. అందు ఆయన చేపలకు ఆ తీరపు జాలరులు వాడు పేర్లను కూడ వ్రాసికొని అచ్చువేసెను. ఆ జాలరుల చూపులో ఒక చేప మరొక చేప కాదు. వేరు చేప కనుక దానికి వేరు పేరు. ఇన్ని సంవత్సరముల తరువాత, ఇంత విజ్ఞానము పెరిగిన పిదప, చదువుకొన్న నగరపు దుకాణదారు ఒక కుటుంబమునంతటిని ఒక్క ఆంగ్లపదముతో కట్టగట్టి అమ్ముచున్నాడు. ఇది అభివృద్ధి యనుట కష్టము.

ప్రభుత్వమును ఇట్టి పొరపాటే చేసినది. జంతుహింసా నివారణ చట్టము క్రింద 2017లో కేంద్ర ప్రభుత్వము చేపల దుకాణములకు నియమములు చేయుచు, 158 జాతులను అమ్మరాదు, ప్రదర్శింపరాదు అని ఒక పట్టిక ప్రకటించెను. సీతాకోకచిలుక చేపలును అందు చేరినవి. వర్తకులు గగ్గోలు పెట్టిరి. నియమములు అనంతరము ఉపసంహరింపబడినవి. పట్టికయు పోయినది, దానితోపాటు దాని వెనుకనున్న ప్రశ్నయు పోయినది. నిషేధమున్నపుడు సారథి చేపకును, పగడము మాత్రమే తిను చేపకును ఒకే శిక్ష. నిషేధము తొలగినపుడు రెండింటికిని ఒకే స్వేచ్ఛ. ఈ రెండు తీర్పులును చేప నోటిని పరీక్షింపక చెప్పినవి. పగడమే ఆహారముగా గల జాతుల పేర్లు వ్రాసి, వాటిని మాత్రము ఇండ్లకు అమ్మరాదనుట, తక్కినవాటి తొట్టిపై జాతి పేరును, అది తిను మేతను తెలుగునను తమిళమునను వ్రాసి అంటించుమనుట ఏమంత దుష్కరము? మందుసీసాపై మందు పేరు లేకున్నచో దుకాణము మూయించు దేశమున, ప్రాణమున్న సరకుపై పేరు కోరుట అత్యాశ కాదు.

తొట్టి పెంచువారి పక్షమున ఒక గట్టి వాదము కలదు. సముద్రమును ఎరుగని ఊరి బాలునకు ఆ తొట్టి సముద్రముపై ప్రేమను నేర్పును అందురు. ఇది నిజము. 1909లో మదరాసు సముద్రతీరమున మత్స్యప్రదర్శనశాల తెరచినపుడు, కర్నూలు జిల్లాలోని గిద్దలూరు, మార్కాపురములవారును అప్పటి ఆ రాజధాని ప్రజలే. పట్టణము చూడబోయిన పల్లెవారికి సజీవమైన సముద్రము కంటబడినది అచ్చటనే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది మూతబడినది. కాని ప్రేమ ఒక్కటియే కాపాడదనుటకు పైన చెప్పిన గాస్ జీవితమే సాక్ష్యము. ఆయన గ్రంథము చదివి ముచ్చటపడిన జనులు వేలకొలదిగ ఇంగ్లండు తీరములమీద పడి, రాతిగుంటలలోని ప్రాణులను గంపలతో తరలించుకొనిపోయిరి. తండ్రితో కలిసి బాల్యమున ఆ గుంటలలో వెదకిన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువరించిన స్వీయచరిత్రలో, ఆ తీరసౌందర్యము మరల రాకుండ నశించినదని వగచెను. వారిలో ద్వేషముతో దోచినవాడు ఒక్కడును లేడు.

నేటి దిబ్బల స్థితి ఆనాటి ఇంగ్లండు తీరముకంటె దయనీయము. 1998లో, 2010లో, 2016లో సముద్రపు నీరు వేడెక్కి భారతదేశపు పగడములు తెల్లబడినవి. 2024లో లోకవ్యాప్తముగా నాలుగవ పర్యాయము అట్టి విపత్తు సంభవించినట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అలవాటైన వేసవి వేడికి ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో పగడము తెల్లబోవును. పగడము చచ్చినచోట మొదట తగ్గునవి పగడమునే తిను ఈ చేపలు. అట్టి తరుణమున వాటిని పట్టి, ఆకలికి అప్పగించుటకై ఇండ్లకు తెచ్చుట రెండువైపులను తెగ్గొట్టుట. అమ్మకమునకు వచ్చు సీతాకోకచిలుక చేపలలో అత్యధికభాగము సముద్రమున పట్టినవే. వీటి పిల్లలు తలపై ఎముక కవచముతో బహుకాలము నడిసముద్రమున తేలియాడును. వాటిని గ్రుడ్డునుండి పెంచుట ప్రయోగశాలలలో కొన్ని జాతుల విషయమున మాత్రమే ఫలించినది. ఫిలిప్పీన్సు, ఇండోనేషియా సముద్రములలో సైనైడు చిమ్మి చేపలను మత్తెక్కించి పట్టు దుర్మార్గము 1960ల నాటినుండి నిషేధములను ధిక్కరించి సాగుచునే యున్నది. ఆ విషము చేపతోపాటు దిబ్బను కూడ చంపును. వీటిలో అనేక జాతులు జంటగా తిరుగునవి, ఒకే జత ఏండ్లకొలది ఒకే చోటును కాచుకొని మేయునవి యనునది వేరొక సంగతి. తొట్టికి వచ్చునది ఆ జంటలో ఒకటి.

కొమరోలు బాలునకు చేపలు చూపవలెనన్న తండ్రి కోరిక ఉత్తమమైనది. దానికి ఉప్పుపొడి లేకున్నను సాగును. గుండ్లకమ్మపై విజయనగరరాజుల కాలమునాటి కంభము చెరువు దాపుననే కలదు. ఆ నీటిలో మెరయు చిన్న పరిగ చేపలు నాలుగింటిని తెచ్చి మంచినీటి తొట్టిలో విడిచినచో, వాటి ఆకలి యజమానికి తెలియును. నూకలు, వానపాములు, దోమపిల్లలు తిని సుఖముగా పెరుగును. ఎండ వాటికి కొత్త కాదు. విసుగు పుట్టినపుడు తిరిగి చెరువులో విడువవచ్చును. అంగడినుండి తెచ్చిన పరదేశపు చేపలతో, రోగపు చేపలతో కలిపి ఉంచనంతవరకు అందు దోషము లేదు. వీటికి సీతాకోకచిలుక చేప సొగసు లేదని యందురు. సూర్యుడు ఏటవాలుగా పడు ఉదయమున అద్దముప్రక్క కూర్చుండి చూడనివారి మాట అది.

అయినను సముద్రపు చేపయే కావలెనని పట్టుబట్టువాడు ఉండును. ఉండుటలో తప్పు లేదు. అతడు తొట్టిని నెలన్నర నడిపి, శీతలయంత్రమును, బ్యాటరీని పరీక్షించుకొని, గిద్దలూరులో బస్సెక్కి చెన్నైకో హైదరాబాదుకో పోవును. దుకాణమున సారథి చేప యని చూపినదాని వీపురెక్కపై పోగును, నల్లమచ్చను చూచుకొనవలెను. చిన్నపిల్లకు పోగు ఇంకను పెరుగకపోవచ్చును, మచ్చ మాత్రము ఉండును. తలపై గుంట ఉన్నదేమో, పొట్ట లోనికి పోయినదేమో ప్రక్కనుండి చూడవలెను. పిమ్మట డబ్బు తీయకముందు ఒక రొయ్యముక్క వేయుమని అడుగవలెను. దుకాణదారు విసుగుకొనును, రేపు రమ్మనును, ఇప్పుడే మేసినదనును. రేపటివరకైనను ఆగవలెను. చేప వచ్చి ఆ ముక్కను నోట కరచి మ్రింగినచో సంచిలో కట్టించుకొని, ఎండ తగులకుండ రాత్రి ప్రయాణముననే ఇంటికి తేవలెను. మ్రింగకున్నచో ఖాళీ చేతులతో తిరుగుబస్సు ఎక్కవలెను.